ఇంట్లోనే ఎల్‌ఈడీ గ్రో లైట్: డబ్బా మీద వాట్లు కాదు, ఆకు మీద పడే వెలుగు చూడండి

అరసవల్లి సూర్యనారాయణ స్వామికి కూతవేటు దూరంలో ఉంటూ మొక్కలకి లైటు పెడతానంటే ఎవరైనా నవ్వుతారు. మా ఫ్రెండ్ అయితే మొహం మీదే అనేశాడు: "ఏట్రా, మన శ్రీకాకుళంలో ఎండ సాల్లేదేటి?" ఎండకి ఇక్కడ లోటు లేదు, నిజమే. కానీ ఆ ఎండ గదిలోకి రావాలి కదా!

ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే స్టూడెంట్స్ చాలామంది. గ్రౌండ్ ఫ్లోర్ గది, ఒకే ఒక్క కిటికీ, దాని ఎదురుగా పక్కింటి గోడ. డాబా తాళం ఓనర్ దగ్గర. నా గది కూడా అలాంటిదే. అలాంటి చోట కొత్తిమీర, మెంతికూర, మిరప నారు పెంచడానికి నేను చేసుకున్న లైటు గురించే ఈ ఆర్టికల్. ఇందులో సోల్డరింగ్ కొంచెం ఉంటుంది, లెక్కలు కొంచెం ఉంటాయి, కరెంటు జాగ్రత్తలు మాత్రం గట్టిగా ఉంటాయి. నీళ్లూ కరెంటూ ఒకే చోట ఉండే ప్రాజెక్ట్ ఇది, అందుకే ఆ భాగం స్కిప్ చేయొద్దు.

ముందు ఒక ప్రశ్న: మీకు ఇది అవసరమా?

మీకు డాబా గానీ, రోజుకి నాలుగు గంటలు నేరుగా ఎండ పడే బాల్కనీ గానీ ఉంటే ఈ లైటు కట్టొద్దు. డబ్బు దండగ. ఎందుకో అంకెల్లో చూద్దాం.

మిట్ట మధ్యాహ్నం నేరు ఎండలో వెలుగు దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. ముసురు పట్టిన రోజున కూడా ఆరుబయట 10,000 లక్స్ దాకా ఉండొచ్చు. నా గదిలో కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉన్న టేబుల్ మీద పగటిపూట ఫోన్‌తో కొలిస్తే 300 లక్స్ వచ్చింది. చదువుకోవడానికి ఆ వెలుగు సరిపోతుంది. మన కన్ను తక్కువ వెలుగుకి సర్దుకుపోతుంది కాబట్టి గది "బాగానే వెలుతురుగా ఉంది" అనిపిస్తుంది. మొక్కకి ఆ సర్దుబాటు లేదు. ఎండతో పోలిస్తే దానికి అందేది మూడు వందల వంతుల్లో ఒక్క వంతు. అందుకే గదిలో పెట్టిన నారు పీలగా, పొడుగ్గా సాగి, కిటికీ వైపు వంగి, చివరికి పడిపోతుంది. నీళ్లు ఎక్కువ పోసినా ఎరువు వేసినా అది ఆగదు, ఎందుకంటే సమస్య వెలుగుది.

మొక్కకి ల్యూమెన్లతో పని లేదు

బల్బు డబ్బా మీద ల్యూమెన్లు రాస్తారు. ల్యూమెన్, లక్స్ రెండూ మనిషి కన్నుని బట్టి పెట్టుకున్న కొలతలు. మన కన్నుకి ఆకుపచ్చ, పసుపు వెలుగు ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఆ కొలతలో వాటికి మార్కులు ఎక్కువ. నీలం, ఎరుపు రంగులకి తక్కువ.

మొక్క లెక్క వేరు. అది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుగు కణాలను, అంటే ఫోటాన్లను వాడుకుని ఆహారం తయారు చేసుకుంటుంది. కాబట్టి చూడాల్సింది ఒక చదరపు మీటరు మీద, ఒక సెకనులో ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయి అన్నది. దీన్ని పీపీఎఫ్‌డీ అంటారు, మైక్రోమోల్‌లలో చెప్తారు. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఇది దాదాపు 2000 మైక్రోమోల్.

ఇంకో మాట డీఎల్ఐ. రోజు మొత్తం మీద మొక్కకి అందిన వెలుగు ఇది. వర్షం లెక్కతో పోల్చుకుంటే సులువు: పీపీఎఫ్‌డీ అంటే వాన ఎంత జోరుగా పడుతోంది, డీఎల్ఐ అంటే రోజంతా కలిపి గిన్నెలో ఎంత నీరు చేరింది. సన్న వాన ఎక్కువసేపు కురిసినా గిన్నె నిండుతుంది. గ్రో లైట్ చేసే పని సరిగ్గా అదే. ఎండంత జోరు దానికి ఉండదు, కానీ రోజుకి 14 గంటలు ఆగకుండా ఇస్తుంది.

సుమారుగా ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి:

- మైక్రోగ్రీన్స్: 100 మైక్రోమోల్ చుట్టుపక్కల
- మిరప, టమాటా, వంగ నారు: 100 నుంచి 200
- మెంతి, కొత్తిమీర, పాలకూర, లెట్యూస్ లాంటి ఆకుకూరలు: 150 నుంచి 250
- కాయ కాసే మిరప, టమాటా: 400 పైనే

ఊదారంగు లైటే కావాలా?

గ్రో లైట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఊదారంగు గది. దానికి కారణం ఉంది. ఆకులోని పత్రహరితం నీలం, ఎరుపు వెలుగును బాగా పీల్చుకుంటుంది. అందుకని ఆ రెండు రంగుల ఎల్‌ఈడీలు మాత్రమే పెడితే కరెంటు ఆదా అవుతుందని తొలిరోజుల్లో అలా చేశారు.

కానీ కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల మీద చేసిన కొలతలను 1972లోనే ప్రచురించారు. ఆకుపచ్చ వెలుగు కూడా కిరణజన్య సంయోగక్రియకి బాగానే పనికొస్తుందని వాటిలో తేలింది. పైగా ఆకుపచ్చ వెలుగు ఆకు లోపలి పొరల దాకా, కింది ఆకుల దాకా దిగుతుంది. అంతరిక్ష కేంద్రంలో నాసా వాళ్ల వెజ్జీ పెట్టెలో పెరిగిన ఎర్ర లెట్యూస్‌ని 2015 ఆగస్టులో వ్యోమగాములు తిన్నారు. ఆ పెట్టెలో ఎరుపు, నీలంతో పాటు ఆకుపచ్చ ఎల్‌ఈడీలు కూడా ఉన్నాయి. మన దగ్గర చూస్తే, 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో ఇస్రో "క్రాప్స్" అనే చిన్న మొక్కల పెట్టె పంపింది. అందులోని బొబ్బర్ల గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి.

ఇక మామూలు తెల్ల ఎల్‌ఈడీ సంగతి. దాని లోపల ఉండేది నీలం చిప్పే. పైన పూసిన పసుపు ఫాస్ఫర్ పొర ఆ నీలంలో కొంత భాగాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపుగా మారుస్తుంది. అన్నీ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే అకాసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. అంటే మామూలు తెల్ల ఎల్‌ఈడీలో మొక్కకి కావాల్సిన రంగులన్నీ ఎంతో కొంత ఉన్నట్టే. ఇంకో లాభం కూడా ఉంది. తెల్ల వెలుగులో ఆకు పసుపెక్కుతోందా, పురుగు పట్టిందా అన్నది కంటికి కనిపిస్తుంది. ఊదా వెలుగులో ఆకులన్నీ నల్లగా ఉంటాయి, ఏమీ తెలీదు. అదే గదిలో మీరూ పడుకోవాలి కదా, ఆ లెక్కన కూడా తెలుపే మేలు.

తెలుపులో రెండు రకాలు కలిపితే బాగుంటుంది. 6500 కెల్విన్ కూల్ వైట్‌లో నీలం ఎక్కువ, దానివల్ల మొక్క పొట్టిగా, గట్టిగా ఉంటుంది. 3000 కెల్విన్ వార్మ్ వైట్‌లో ఎరుపు ఎక్కువ, ఆకు విచ్చుకోవడానికి పనికొస్తుంది. నేను మూడు కూల్, రెండు వార్మ్ పట్టీలు పెట్టాను.

"1000 వాట్లు" అనే మాయ

ఆన్‌లైన్‌లో వెతికితే అరచేతి సైజు లైటుకి 1000 వాట్లు అని రాసి ఉంటుంది. ఫ్రెండ్ ఒకడు కొన్న అలాంటి లైటుని నా పవర్ మీటర్‌కి తగిలిస్తే గోడ దగ్గర లాగింది 24 వాట్లు. మరి 1000 ఎక్కడిది? పాతకాలం సోడియం ల్యాంపులకి "సమానం" అని రాసే అంకె కావచ్చు, లేదా ఒక్కో ఎల్‌ఈడీ తట్టుకోగల గరిష్ఠ వాట్లన్నీ కూడితే వచ్చే అంకె కావచ్చు. నిజంగా 1000 వాట్లు లాగే లైటు అయితే చేతితో పట్టుకోలేనంత వేడెక్కుతుంది, దానికి పెద్ద హీట్ సింక్ ఉంటుంది.

కొనేవాళ్లు చూడాల్సినవి మూడే: గోడ దగ్గర నిజంగా లాగే వాట్లు, ఒక వాట్‌కి ఎన్ని మైక్రోమోల్ ఇస్తుంది, ఎంత దూరంలో ఎంత పీపీఎఫ్‌డీ వస్తుందో చూపే చార్ట్. ఈ మూడూ లేని లిస్టింగ్‌ని పక్కన పెట్టేయండి.

ముందు లెక్క, తర్వాత షాపింగ్

నా ట్రే సైజు 60 సెంటీమీటర్లు × 30 సెంటీమీటర్లు. అంటే 0.18 చదరపు మీటర్లు. ఆకుకూరలకి 180 మైక్రోమోల్ దాకా కావాలనుకున్నాను.

మామూలు 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ పట్టీలు ఒక వాట్‌కి సుమారు 1.3 మైక్రోమోల్ ఇస్తాయి. 40 వాట్లు పెడితే 40 × 1.3 = 52. అందులో పక్కలకి పోయేది పోగా మూడింట రెండు వంతులు ట్రే మీద పడతాయనుకుంటే దాదాపు 34. దాన్ని 0.18తో భాగిస్తే 189. సరిపోయింది.

మీ ట్రే వేరే సైజు అయితే ఇదే లెక్క తిరగేయండి. గుర్తుపెట్టుకోవడానికి సులువైన మాట: ఆకుకూరలకి ఒక చదరపు అడుగుకి 20 వాట్లు. ఇవి నిజమైన వాట్లు, డబ్బా మీద వాట్లు కావు.

కావాల్సిన సామాన్లు

- 12 వోల్టుల అల్యూమినియం ఎల్‌ఈడీ పట్టీలు, అర మీటరువి 5. షోకేసులు, సైన్‌బోర్డులు చేసేవాళ్లు వాడే గట్టి పట్టీలే ఇవి. మీటరుకి 16 వాట్ల చుట్టూ లాగేవి తీసుకోండి
- 12 వోల్టుల 5 ఆంప్స్ ఎస్‌ఎంపీఎస్, బీఐఎస్ గుర్తు ఉన్నది
- 60 × 30 సెంటీమీటర్ల అల్యూమినియం రేకు, ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల మందం. పార్టిషన్ పనులు చేసే షాపులో తుక్కు ముక్క అడిగితే చవకలో వస్తుంది
- ఎర్ర, నల్ల వైర్లు: ఎస్‌ఎంపీఎస్ నుంచి లైటు దాకా 1 చదరపు మిల్లీమీటరువి
- మూడు పిన్నుల ప్లగ్, మూడు కోర్ల వైరు
- ఎస్‌ఎంపీఎస్ పెట్టడానికి గాలి ఆడే ప్లాస్టిక్ బాక్స్
- టైమర్, వేలాడదీయడానికి సన్న గొలుసులు, చిన్న స్క్రూలు, సోల్డరింగ్ సామాను, మల్టీమీటర్

ఇవన్నీ శ్రీకాకుళంలో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. మంచి రకం పట్టీలు కావాలంటే విశాఖ డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చూడొచ్చు. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ముందే ఉన్నాయి కాబట్టి నాకు మిగతావన్నీ కలిపి పదమూడు వందల రూపాయల దాకా అయ్యింది. రేట్లు షాపుని బట్టి మారతాయి.

ఎస్‌ఎంపీఎస్ 5 ఆంప్స్‌ది ఎందుకు? 40 వాట్లని 12తో భాగిస్తే 3.3 ఆంప్స్. సప్లైని దాని పూర్తి సామర్థ్యం దాకా లాగకూడదు, 80 శాతం దగ్గర ఆపాలి. 5 ఆంప్స్‌లో 80 శాతం అంటే 4. మన 3.3 అందులో హాయిగా ఇముడుతుంది. మే నెల వేడిలో రోజుకి 14 గంటలు నడవాలంటే ఆ వెసులుబాటు ఉండాల్సిందే.

తయారీ, స్టెప్ బై స్టెప్

1. రేకు అంచులు ఆకురాయితో నున్నగా రుద్దండి. పొడుగు వైపుగా ఐదు గీతలు గీయండి. మొదటి గీత అంచు నుంచి 3 సెంటీమీటర్లు, ఆ తర్వాత ఒక్కోటి 6 సెంటీమీటర్ల దూరం.

2. గీతల మీద పట్టీలు బిగించండి. వరుస ఇలా: కూల్, వార్మ్, కూల్, వార్మ్, కూల్. వెనక స్టిక్కర్ జిగురుని నమ్మొద్దు, వేడికి నాలుగు నెలల్లో ఊడొస్తుంది. రెండు చివర్లా చిన్న స్క్రూలు వేయండి. స్క్రూ తల రాగి గీతలకి గానీ సోల్డర్ చుక్కలకి గానీ తగలకూడదు.

3. అన్ని పట్టీల ప్లస్‌లు ఒక ఎర్ర వైరుకి, అన్ని మైనస్‌లు ఒక నల్ల వైరుకి కలపండి. అంటే ప్యారలల్ కనెక్షన్. ఒకదాని తోకకి ఇంకోటి కలుపుకుంటూ పోతే చివరి పట్టీకి వచ్చేసరికి వోల్టేజ్ పడిపోయి వెలుగు తగ్గుతుంది.

4. కరెంటు పెట్టకముందే మల్టీమీటర్‌ని కంటిన్యూటీలో పెట్టి చూడండి. ప్లస్‌కీ అల్యూమినియం రేకుకీ మధ్య బీప్ రాకూడదు. మైనస్‌కీ రేకుకీ మధ్య కూడా రాకూడదు. వస్తే ఎక్కడో స్క్రూ తగిలింది, వెతకండి.

5. ఎస్‌ఎంపీఎస్‌ని బాక్సులో బిగించండి. మూడు కోర్ల వైరులో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ వాటి వాటి టెర్మినల్స్‌లో వేయాలి. ఎర్త్ వదిలేయకూడదు. బాక్సు మూత వేశాక ఏ టెర్మినలూ వేలికి తగలకూడదు.

6. లైట్లు తగిలించకుండా సప్లై ఒక్కటే ఆన్ చేసి, డీసీ వైర్ల చివర్ల దగ్గర వోల్టేజ్ చూడండి. 12 దగ్గర ఉండాలి. తర్వాత ఆఫ్ చేసి, లైటు కలిపి, మళ్లీ ఆన్ చేయండి.

7. గంట తర్వాత రేకు వెనక చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. పది సెకన్లు చెయ్యి ఉంచలేకపోతే మరింత మందం రేకు కావాలి, లేదా పట్టీలు తగ్గించాలి. ఎల్‌ఈడీకి అసలు శత్రువు వేడి. వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది.

8. గొలుసులతో వేలాడదీసి, మొక్కల తలల నుంచి 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచండి. మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరపాలి.

చుట్టూ మూడు వైపులా తెల్ల చార్ట్ గానీ థర్మోకోల్ గానీ నిలబెట్టండి. పక్కలకి పోయే వెలుగు తిరిగి ట్రే మీదకే వస్తుంది. ఇరవై రూపాయల్లో అయ్యే ఈ పని ఒక పట్టీ అదనంగా పెట్టినంత ఉపయోగం.

కరెంటు దగ్గర ఆటలొద్దు

ఇది చదవకుండా ముందుకి వెళ్లొద్దు. పాడైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఊడదీసి, లోపలి పళ్లెం బయటికి తీసి గ్రో లైట్ చేసే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ పని చేయొద్దు. చవక బల్బుల్లో డ్రైవర్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, అంటే 230 వోల్టుల మెయిన్స్‌కీ ఎల్‌ఈడీలకీ మధ్య ఏ అడ్డూ ఉండదు. బల్బు మీద ఉన్న ప్లాస్టిక్ గుల్లే మనకి రక్షణ. దాన్ని తీసేస్తే ఆ ఎల్‌ఈడీ చుక్కల మీద చెయ్యి పెట్టడం ప్లగ్‌లో వేలు పెట్టడంతో సమానం. కింద తడి ట్రే, చేతిలో నీళ్ల స్ప్రే ఉన్నప్పుడు అది షాక్‌తో ఆగుతుందన్న గ్యారంటీ లేదు.

మనం వాడే ఎస్‌ఎంపీఎస్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మొక్కల దగ్గరికి వచ్చేది 12 వోల్టుల డీసీ మాత్రమే. ఈ డిజైన్ మొత్తంలో ముఖ్యమైన నిర్ణయం అదే. కొంచెం సామర్థ్యం తగ్గినా పర్లేదు, తడి ఉన్న చోటికి 230 వోల్టులు రాకూడదు.

- ఎస్‌ఎంపీఎస్ బాక్సు ట్రేకి పైన, పక్కకి గోడ మీద ఉండాలి. ట్రే కింద నేల మీద పెట్టొద్దు
- వైరు బాక్సులోకి వెళ్లేముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఒక వంపు ఇవ్వండి. వైరు మీద నీరు జారినా ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, బాక్సులోకి పోదు
- ఇంట్లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. అద్దె గది అయితే ఓనర్‌ని అడగండి
- ఎర్త్ పని చేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు
- నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ తీసేయడం అలవాటు చేసుకోండి

మన తీరప్రాంతానికి ఇంకో జాగ్రత్త ఉంది. ఎచ్చెర్ల మండలం అంచు బుడగట్లపాలెం దగ్గర సముద్రాన్ని తాకుతుంది. ఉప్పు గాలికి రాగి సోల్డర్ పాయింట్లు పచ్చగా తుప్పు పడతాయి. సోల్డర్ చేసిన చోట్ల సిలికాన్ సీలెంట్ రాయండి, కానీ రకం చూసుకోండి. వెనిగర్ వాసన వచ్చే సీలెంట్‌లో ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది, అదే రాగిని తినేస్తుంది. "న్యూట్రల్ క్యూర్" అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

ఫోన్‌తో వెలుగు కొలవడం

పీపీఎఫ్‌డీ కొలిచే అసలు మీటర్ల ధర మన లైటు కంటే చాలా ఎక్కువ. మన దగ్గర ఫోన్ ఉంది, దానితో దగ్గరి అంకె వస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందువైపు, సెల్ఫీ కెమెరా దగ్గర లైట్ సెన్సర్ ఉంటుంది. ఏదైనా లక్స్ మీటర్ యాప్ వేసి, ఫోన్‌ని ట్రేలో మొక్కల తల ఎత్తులో, స్క్రీన్ పైకి ఉండేలా పెట్టండి. వచ్చిన లక్స్‌ని తెల్ల ఎల్‌ఈడీకి అయితే 68తో, ఎండకి అయితే 54తో భాగించండి. అదే సుమారు పీపీఎఫ్‌డీ.

నా లైటు కింద 25 సెంటీమీటర్ల దూరంలో మధ్యలో 12,500 లక్స్ వచ్చింది. భాగిస్తే 184 మైక్రోమోల్. ముందు వేసిన లెక్క 189, అంటే దగ్గరగానే ఉంది. మూలల్లో 7,500 లక్స్, తెల్ల చార్ట్ పెట్టాక 9,500 అయ్యింది. మూలల్లో తక్కువే ఉంటుంది కాబట్టి వారానికోసారి కుండీల చోటు మారుస్తూ ఉండాలి.

రెండు హెచ్చరికలు. ఒకటి, ఊదారంగు లైటుకి ఈ భాగహారం పనికిరాదు. లక్స్ సెన్సర్ నీలం, ఎరుపుని తక్కువ చేసి చూపిస్తుంది. రెండు, ఫోన్ ఫోన్‌కీ సెన్సర్ తేడా ఉంటుంది, కాబట్టి అంకెని పది, ఇరవై శాతం అటూ ఇటూగా తీసుకోండి. లైటు జరిపినప్పుడు పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం ఏ ఫోనైనా సరిగ్గానే చెప్తుంది.

టైమర్, కరెంటు కోతలు

మొక్కకి రాత్రి కూడా కావాలి. 24 గంటలూ వెలిగించొద్దు. నారుకి, మెంతికి 14 గంటలు పెట్టాను. మన అక్షాంశంలో జూన్‌లో అతి పెద్ద పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో 11 గంటల చుట్టూ ఉంటుంది. కాబట్టి 14 అంటే మొక్కకి పెద్ద ఎండాకాలం పగలులాంటిది. కొత్తిమీరకి మాత్రం 12 గంటలే ఇవ్వండి. పగలు ఎక్కువైతే, పైగా గది వేడిగా ఉంటే, అది ఆకు మానేసి త్వరగా పూతకి వచ్చేస్తుంది.

14 గంటల చొప్పున 184 మైక్రోమోల్ అంటే డీఎల్ఐ 9.3. ఆకుకూర కోతకి వచ్చేంత వెలుగు ఇది.

టైమర్ కొనేటప్పుడు మన ఊళ్ల సంగతి గుర్తుంచుకోండి. చక్రం తిరిగే మెకానికల్ టైమర్ కరెంటు పోతే ఆగిపోతుంది, రెండు గంటల కోత పడితే మీ షెడ్యూల్ రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌కి ఆ బాధ లేదు. వైఫై స్మార్ట్ ప్లగ్ ఉన్నవాళ్లు, నెట్ లేకపోయినా షెడ్యూల్ నడుస్తుందా అన్నది రౌటర్ ఆపేసి టెస్ట్ చేయండి. ఒకటి రెండు రోజులు చీకట్లో ఉన్నంత మాత్రాన మొక్క చావదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటప్పుడు నీళ్లు తగ్గించి, కుండీలని గుమ్మం దగ్గర పెట్టుకోవడమే మార్గం.

బిల్లు ఎంత?

లైటు 40 వాట్లు, సప్లైలో పోయేది కలిపి గోడ దగ్గర నా మీటర్ 47 వాట్లు చూపింది. 14 గంటలకి 0.66 యూనిట్లు, నెలకి దాదాపు 20 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 120 రూపాయలు. మీ వాడకం స్లాబ్ అంచున ఉంటే ఈ 20 యూనిట్లు పై స్లాబ్‌లోకి తోస్తాయి, అది కూడా లెక్కలో వేసుకోండి. అద్దె గదిలో అందరికీ ఒకే మీటర్ ఉంటే రూమ్మేట్స్‌కి ముందే చెప్పేయండి.

మరి గిట్టుబాటు అవుతుందా? కొత్తిమీర కట్ట కోసమే అయితే అవ్వదు. మార్కెట్లో కొనుక్కోవడమే చవక. నారు విషయంలో లెక్క మారుతుంది. ముసురు రోజుల్లో సైతం పీలగా సాగకుండా గట్టిగా ఎదిగిన మిరప, టమాటా నారు 30, 35 రోజుల్లో నాటుకి సిద్ధమవుతుంది. ఒక్క ట్రేలో వంద మొక్కలకి పైగా పడతాయి. ఊళ్లో ఇంటి పెరట్లో వేయడానికి పట్టుకెళ్లొచ్చు. మెంతికూర మూడు వారాల్లో కోతకి వచ్చింది. తులసి, పుదీనా బాగున్నాయి. కాయ కాసే మిరపకి మాత్రం ఈ లైటు చాలదు, ఆకులు బాగానే వేస్తుంది, పూత నిలవదు.

ఇంకా మెరుగ్గా కావాలంటే

12 వోల్టుల పట్టీల్లో మూడేసి ఎల్‌ఈడీలకి ఒక రెసిస్టర్ ఉంటుంది. మూడు ఎల్‌ఈడీలు 9 వోల్టులు వాడుకుంటే మిగతా 3 వోల్టులు ఆ రెసిస్టర్‌లో వేడిగా పోతాయి. అంటే పావు వంతు కరెంటు వృథా. సులువు కోసం, భద్రత కోసం మనం కట్టే రేటు అది.

తర్వాతి మెట్టు కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్, దానితో రెసిస్టర్లు లేని బోర్డు. శామ్‌సంగ్ ఎల్‌ఎం301 లాంటి ఎల్‌ఈడీలు వాట్‌కి 3 మైక్రోమోల్ దగ్గర దాకా ఇస్తాయి. అంటే అదే వెలుగు సగం కంటే తక్కువ కరెంటుతో. ధర మాత్రం చాలా ఎక్కువ, డ్రైవర్ ఎంపికలో వోల్టేజ్, కరెంటు రెండూ బోర్డుకి కుదరాలి. ముందు ఈ 40 వాట్లది కట్టి, ఒక పంట తీసి, అప్పుడు ఆ వైపు చూడండి.

నా రికమెండేషన్

డాబా ఉంటే ఎండే బెస్ట్, అది ఫ్రీ. డాబా లేదు, సోల్డరింగ్ రాదు, మల్టీమీటర్ లేదు అంటే నాలుగడుగుల మామూలు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ బ్యాటెన్లు రెండు కొని, విప్పకుండా అలాగే ట్రే పైన దగ్గరగా బిగించండి, పని జరుగుతుంది. చేతికి పని కావాలి, వెలుగు లెక్క అర్థం చేసుకోవాలి అనుకుంటే ఈ ప్రాజెక్ట్‌కి ఒక ఆదివారం కేటాయించండి. ఏది ఎంచుకున్నా, ముందు ఫోన్ తీసి మీ గదిలో మొక్క ఉన్నచోట లక్స్ ఎంతుందో చూడండి. ఆ అంకె చూశాక మీకు లైటు కావాలో, కుండీని రెండడుగులు కిటికీ వైపు జరిపితే చాలో అక్కడికక్కడే తెలిసిపోతుంది.